తవుడు కోసం బిలాస్‌పూర్ దాకా

బిలాస్‌పూర్ వెళ్తున్నానంటే కాకినాడలో మా వీధివాళ్ళందరూ ఒకటే అడిగారు, అక్కడ చూడ్డానికి ఏముందని. తిరిగొచ్చాక కూడా అదే అడిగారు. తవుడు చూసొచ్చానన్నాను. వేళాకోళం ఆడుతున్నాననుకుని నవ్వేసి వెళ్ళిపోయారు. నేను ఆ ఊరు వెళ్ళింది నిజంగా తవుడు కోసమే. అక్కడున్న ఆరు రోజుల్లో ఊరు కూడా కొంత కనబడింది.

ముప్పై ఏళ్ళు వంటనూనెలు శుద్ధిచేసే ఫ్యాక్టరీలో కెమికల్ ఇంజనీరుగా పనిచేసి, రెండేళ్ళ కిందట రిటైరయ్యాను. మా పిన్ని కూతురు పద్మ బిలాస్‌పూర్‌లో రైల్వే ఆస్పత్రి నర్సు. ఆమె భర్త సూర్యనారాయణ గూడ్సు బళ్ళు నడిపే లోకో పైలట్. ఆయన తండ్రి హయాంలోనే బొబ్బిలి వైపు నుంచి రైల్వే ఉద్యోగానికి పోయి అక్కడే ఉండిపోయిన కుటుంబం. వీళ్ళకి లలిత ఒక్కతే కూతురు. కెమికల్ ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం చదువుతోంది.

పద్మ ఫోన్ చేసి చెప్పిన సంగతి ఇది. లలిత తన ప్రాజెక్టుకి తవుడు పని ఎత్తుకుంది. తవుడు మిల్లులోంచి బయటపడ్డ గంట నుంచే అందులోని నూనె పుల్లబడడం మొదలెడుతుంది. ఒక రోజు దాటితే నూనె తీసేవాళ్ళు మొహం తిప్పుకుంటారు, అది పశువుల దాణాకి పోతుంది. తాజాగా ఉండగానే వేయిస్తే రెండు రోజులైనా పాడవదని ఈ పిల్ల వాదన. పుస్తకంలో ఉన్న విషయమే. తఖత్‌పూర్‌లో ఒక చిన్న మిల్లు సేఠ్ అది తన తవుడు మీద చేసి చూపించమన్నాడు. పని జరిగితే వేయించే యంత్రం పెట్టిస్తాననీ, చదువయ్యాక దాని బాధ్యత ఆమెకే ఇస్తాననీ మాటిచ్చాడు. మూడుసార్లు చేసింది. మూడుసార్లూ వేయించిన తవుడు వేయించనిదానిలాగే పుల్లబడింది. ప్రయోగం మానేసి పుస్తకాలు చూసి ఏదో రాసివ్వమని కాలేజీలో గైడు చెప్పాడు. శనివారం సేఠ్‌కి లెక్క చూపించాలి. ఈలోగా తండ్రి రైల్వే పరీక్ష ఫారం తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"అప్పా, పిల్ల తిండి మానీసింది. ఒక్కసారి వచ్చి చూడు" అంది పద్మ. అక్కనైన నన్ను అప్పా అనే పిలుస్తుంది. సోమవారం బండెక్కాను.

రాయగడ దాటాక

కెమికల్ అన్న మాట వినగానే మనుషులు రెండు రకాలుగా మారతారని నా ఉద్యోగ జీవితంలో నేర్చుకున్నాను. కొంచెం దూరం జరిగి కూర్చునేవాళ్ళు ఒక రకం, సంచీ విప్పి చూపించేవాళ్ళు ఇంకో రకం. నా ఎదుటి సీటావిడ రెండో రకం. పార్వతీపురంలో ఎక్కింది, కూతురి పురిటికి రాయపూర్ వెళ్తోంది. నేనేం చేసేదాన్నో చెప్పగానే తలకు వేసుకునే రంగు ట్యూబు, ఇంగువ డబ్బా, బెల్లం ముక్క వరసగా తీసి, వీటిలో కెమికల్ ఉందా అని అడిగింది. అన్నిట్లోనూ ఉంది, మీలోనూ నాలోనూ కూడా ఉంది అన్నాను. ఆవిడ బెల్లం ముక్కను వెనక్కి పెట్టేసి, కాస్త ఆలోచించి, నాకే పెట్టింది. బాగుంది.

మరి మీరు ఫ్యాక్టరీలో చేసేదేమిటని అడిగింది. ఈ ప్రశ్నకి నా దగ్గర ముప్పై ఏళ్ళుగా అరగదీసిన జవాబొకటుంది. గిన్నెడు పులుసు ఎవరైనా కాస్తారు. అదే పులుసు రోజుకి వంద టన్నులు, అదే రుచితో, పొంగకుండా, అంటుకోకుండా, ఎవరికీ కాలకుండా కాయడం మా పని. ఎంత లోపలికి పోయింది, ఎంత బయటికొచ్చింది, తేడా ఎక్కడ ఆగిపోయింది అని అడుగుతూ ఉండడమే మా చదువు. ఆవిడ తల ఊపి, అయితే కోడలికి చెప్పాల్సిన చదువే అంది.

తెల్లారి రాయపూర్‌లో ఆవిడ దిగిపోయింది. నేను పది రూపాయల టీ తాగుతూ కిటికీలోంచి పొలాలు చూశాను. కంకి పాలు పోసుకుంటున్న వరి, మాకంటే కొంచెం ముందుంది. తవుడు వాళ్ళకి ఎందుకంత ముఖ్యమో బండి దిగకముందే అర్థమైంది.

బిలాస్‌పూర్, డబ్బాల ఇల్లు

స్టేషను పెద్దది, దాని చుట్టూ రైల్వే ఊరు ఇంకా పెద్దది. క్వార్టర్ల వరసలు, మధ్య వేప చెట్లు, ప్రతి రెండో గేటు మీదా నాయుడు, పట్నాయక్, రావు పేర్లు. రిక్షా ఆయన నన్ను చూసి హిందీలో మాట్లాడి, నా హిందీ విని వెంటనే తెలుగులోకి మారాడు. అంత దారుణంగా ఉంటుందది.

పద్మ ఇంట్లో నాకు బాగా నచ్చింది ఫ్రిజ్. సూర్యనారాయణ తల్లితో కలిపి ఈ ఇంట్లో నలుగురు, నలుగురూ కలిసి తినడం జరగని పని. ఆయన బండి ఎప్పుడు పిలుస్తుందో తెలియదు, ఈవిడ ఆస్పత్రి ఒక పూట పొద్దున, ఒక పూట మధ్యాహ్నం. లలిత కాలేజీ, మిల్లు. అందుకని ప్రతి డబ్బా మీదా తెల్ల టేపు ముక్క, దాని మీద పెన్నుతో రాత. అది ఎప్పటిదో. రాత అంతా హిందీలోనే. ఇంట్లో తెలుగు మాట్లాడతారు గాని లలితకి తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటే గాని రావు, అందుకని అందరూ హిందీకి అలవాటు పడ్డారు.

సూర్యనారాయణ తల్లిని లలిత మామ్మ అంటుంది, దాన్ని చూసి నేనూ మామ్మ గారనే అంటాను. ఎనభై దాటినా ఆవిడ పొద్దున్నే చద్దన్నం తింటుంది. ఇక్కడివాళ్ళు దాన్నే బాసి అంటారు, మా వైపు ఉల్లిపాయ కొరికితే వీళ్ళు టమాటా పచ్చడి నంజుకుంటారు. ఆవిడ రెండూ నంజుకుంటుంది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "ఏటమ్మా, తవుడు ఏపడానికి నాలుగేళ్ళు సదవాలా?" అని అడిగింది. ఎగతాళి కాదు, నిజంగానే అడిగింది. మాడకుండా వేయించడానికి నాలుగేళ్ళు సరిపోవండీ అన్నాను.

లలిత సాయంత్రం వచ్చింది. చిన్నప్పుడు చూసిన పిల్ల, ఇప్పుడు నాకంటే పొడుగు. నోట్సు నా ముందు పెట్టి పక్కన నిలబడింది, కూర్చోలేదు. సూర్యనారాయణ దగ్గరే ఉన్నాడు. నెమ్మదిగా మాట్లాడే మనిషి. "వదినా, పిల్ల తెలివైందే. గాని మూడుసార్లు సిగ్నల్ ఇవ్వనిచోట బండి ముందుకి పోనివ్వకూడదు కదా" అన్నాడు. ఆయన మీద కోపం రాలేదు. ఆయన వృత్తిలో అది ప్రాణాలు కాపాడే మాట.

తఖత్‌పూర్ దారి

బుధవారం మేమిద్దరం తఖత్‌పూర్ బస్సెక్కాం. మంగ్లా దాటేదాకా ఊరు అయిపోదు. మంగ్లా ఒకప్పుడు వేరే పల్లెట, ఇప్పుడు టైల్స్ షాపులూ కోచింగ్ సెంటర్లూ. బస్సు ఆగినచోట ముప్పై రూపాయలకి ఫరా తిన్నాం. బియ్యప్పిండి కుడుముల్ని వేళ్ళలా చేసి ఆవిరి మీద ఉడికించి తాలింపు వేస్తారు. మన ఉండ్రాళ్ళకి పెదనాన్న కూతుళ్ళు. లలిత మూడు తిని ఆపేసింది. మిగతావి నేను కానిచ్చాను.

మిల్లు చిన్నది. సేఠ్ పెద్దాయన, మర్యాదస్తుడు, నాకు కుర్చీ తుడిచి వేశాడు. మిల్లు మనిషి పేరు బుధారూ. యాభై ఏళ్ళుంటాయి, ఒళ్ళంతా తవుడు, కనుబొమలు కూడా తెల్లగా. లలితంటే ఆయనకి ఎంత అభిమానమో చూడగానే తెలుస్తుంది, ఆమె సామాను ఆయనే గుడ్డ కప్పి దాచి ఉంచాడు. ఆమె ఎలా చేస్తోందో అంతా చేసి చూపించింది. మిల్లులోంచి పడుతున్న తవుడు పట్టి ఇనప మూకుడులో వేయించి, చల్లార్చి, మూతడబ్బాలో పోసింది. పక్కన వేయించని తవుడు ఇంకో డబ్బాలో. రోజూ ఇక్కడికి రావడం కుదరదు కాబట్టి నమూనాల కవర్లు ముందే రాసి బుధారూ చేతికిస్తుంది. ఆయన రోజుకొకటి నింపి, ఆ సాయంత్రం బస్సు కండక్టరుకిస్తే ఊళ్ళో ఆమె తీసుకుంటుంది.

నా పద్ధతిలో నేను వెతికాను. థర్మామీటరును మరిగే నీళ్ళలో పెట్టి చూశాను, సరిగ్గానే ఉంది. మూకుడు అడుగున గీకి చూశాను. వేయించిన తవుడు నోట్లో వేసుకున్నాను, కమ్మగా ఉంది. మధ్యాహ్నం కాలేజీ ల్యాబుకి వెళ్ళి ఆమె వాడే మందుల సీసాలు, తూకం, గాజు గొట్టం మీద గీతలు అన్నీ చూశాను. ఎక్కడా తప్పు పట్టడానికి లేదు. నా కింద పనిచేసిన సగం మంది ఇంత శుభ్రంగా చేసేవాళ్ళు కాదు.

ఇక్కడ నేను చేసిన పని చెప్పడానికి సిగ్గుగా ఉంది. చెప్పకపోతే ఈ యాత్ర రాయడం దండగ. తిరుగు దారిలో, పద్ధతి సరిగ్గా ఉండి కూడా ఫలితం రాకపోతే, బహుశా ఈ రకం వడ్ల తవుడు వేడికి లొంగదేమో, మీ గైడు చెప్పినట్టే చెయ్యమ్మా అన్నాను. లలిత కిటికీ వైపు తిరిగింది. "అచ్ఛా, పెద్దమ్మా" అంది. ఆ అచ్ఛా విన్నాక నాకు ఊరికి తిరిగి వెళ్ళిపోదామనిపించింది.

పులిహోర నేరం

ఇంటికొచ్చేసరికి అయిదయింది. పద్మ ఆస్పత్రికి, సూర్యనారాయణ ఏదో పని మీద లోకో షెడ్‌కి వెళ్ళారు. మామ్మ గారు కునుకు తీస్తున్నారు. లలిత తన గదిలో తలుపేసుకుంది. నాకు ఆకలి. ఫ్రిజ్ తెరిస్తే ముందు వరసలోనే స్టీలు డబ్బా, టేపు మీద హిందీలో 'కల్'. నాకు తెలిసిన నాలుగు హిందీ ముక్కల్లో కల్ ఒకటి. నిన్నటిది అనుకున్నాను. మూత తీస్తే పులిహోర. ఎవరింటికో చుట్టంగా వెళ్ళి తాజావి అడగడం కంటే నిన్నటిది ఖర్చుచెయ్యడం మర్యాద కదా. గిన్నెలో వేసుకుని, మంచి పనేదో చేస్తున్నానన్న తృప్తితో అంతా తినేశాను. నిన్నటి పులిహోర ఇంత బాగుందేమిటని కూడా అనుకున్నాను.

ఎనిమిదింటికి పద్మ వచ్చి ఫ్రిజ్ తెరిచింది.

"ఏటి, ఈయన డబ్బా ఏదీ?"

"కల్ అని ఉందే, అదా? నేను తినేశానే. నిన్నటిది ఎందుకు పారెయ్యాలని."

పద్మ నన్ను చూసి, ఫ్రిజ్ చూసి, నవ్వు ఆపుకోలేక కుర్చీలో కూలబడింది. "నిన్నటిది కాదప్పా, రేపటిది. పొద్దున్న ఆయన కట్నీ వైపు బండికి పోవాలి. కర్గీ రోడ్‌లో ఆపీస్తారు కదా గంటలకొద్దీ, అక్కడ తింటారని చేసీ ఉంచేను."

హిందీలో నిన్నకీ రేపుకీ ఒకే మాటని నాకు అప్పుడు గుర్తొచ్చింది. వాక్యంలో అయితే వెళ్ళాను, వెళ్తాను అన్న తేడాతో తెలిసిపోతుంది. డబ్బా మీద కల్ అని ఒక్కటే రాస్తే చూసేవాడి ఇష్టం. ఈ ఇంట్లో నలుగురూ ఏళ్ళ తరబడి అలాగే రాసుకుంటున్నారు. ఏ డబ్బా ఎప్పుడు వండారో వాళ్ళకి ముందే తెలుసు కాబట్టి పొరపాటు రాలేదు. తెలియని మనిషి నేనొక్కదాన్నే వచ్చాను. సూర్యనారాయణ కూడా వచ్చి విషయం విన్నాక, మామ్మ గారితో సహా అందరూ నా మీద పడ్డారు. నేను కూడా నవ్వుతున్నాను.

లలిత ఒక్కతే నవ్వలేదు. గది గుమ్మంలో నిలబడి ఖాళీ డబ్బా మీది టేపు చూస్తోంది.

"మమ్మీ, నేను కవర్ల మీద ఏం రాశానో తెలుసా?" అంది. తెలుగులోనే అంది, గొంతు మాత్రం మారిపోయింది. "ఆజ్, కల్. అంతే రాశాను."

ముందు నాకు అర్థం కాలేదు. లలిత కాగితం తీసి బొమ్మ గీసింది. ఆమె ఉద్దేశంలో, ఆజ్ అన్న కవరులో వేయించిన తవుడు ఇవాళే నింపాలి, కల్ అన్న కవరులో అదే డబ్బాలోంచి రేపు నింపాలి. అప్పుడు గదా ఒక రోజులో ఎంత పుల్లబడిందో తెలిసేది. రెండో రోజు కల్ కవరు తీసిన బుధారూ, కల్ అంటే నిన్నటి తవుడు అనుకుని ఉంటే? నిన్నటి తవుడు మిల్లు మూల కుప్పగా ఉంటుంది, వేయించనిది. అభిమానం కొద్దీ వెతికి మరీ అది నింపి ఉంటాడు.

లలిత అప్పుడే బుధారూకి ఫోన్ చేసింది. ఆయన ఛత్తీస్‌గఢీలో నిదానంగా చెప్పాడు. అవును బిడ్డా, కల్ వాలా కుప్పలోంచే తీశాను, పైది దుమ్ముగా ఉంటుందని లోపలి నుంచి తీశాను, ప్రతిసారీ అలాగే చేశాను అన్నాడు. ఏమైనా తప్పయిందా అని భయంగా అడిగాడు. లలిత కళ్ళ వెంట నీళ్ళు కారుతుండగా, మీ తప్పు కాదు కాకా, రాసింది నేను అని రెండుసార్లు చెప్పింది.

ఆ క్షణంలో ఆ పిల్ల మీద నాకు కలిగిన గౌరవం ఏ డిగ్రీ చూసీ కలగలేదు. ముప్పై ఏళ్ళ అనుభవంతో థర్మామీటరు ఉడకబెట్టిన నేను ఆ కవర్లను చేత్తో పట్టుకుని చూశాను, చదివాను కూడా.

గురువారం, శుక్రవారం

గురువారం మళ్ళీ మొదటి నుంచి. తాజా తవుడు పట్టి, వేయించి, డబ్బా మూసింది. ఈసారి కవర్ల మీద తారీఖులు వేసి, గంట కూడా వేసింది. బుధారూ ఒక్కో కవరూ చదివించుకుని విన్నాడు. ఆయనకి ఆ రోజంతా మిల్లు మీద ధ్యాస లేదు, డబ్బా దగ్గరే కాపలా. సేఠ్ మందలించలేదు, నవ్వాడు. మధ్యాహ్నం బుధారూ వాళ్ళావిడ మాకు చీలాలు పంపింది. బియ్యప్పిండి అట్లే, మనం పెసరట్టుకి అల్లం వేసినట్టు వీళ్ళు పచ్చిమిరపా కొత్తిమీరా దట్టిస్తారు. లలిత నాలుగు తింది. లెక్కపెట్టాను, ఇంజనీరుని కదా.

శుక్రవారం ల్యాబులో ఒక రోజు తవుడు పరీక్ష. తవుడులోంచి నూనె తీసి, వేడి స్పిరిట్లో కలిపి, క్షారం చుక్క చుక్కగా వదలాలి. నూనె ఎంత పుల్లబడితే అన్ని చుక్కలు తాగుతుంది, తాగడం అయిపోయాక గులాబీ రంగు నిలుస్తుంది. వేయించని దానికి గొట్టంలో క్షారం దిగుతూనే ఉంది. వేయించిన దానికి త్వరగానే రంగు వచ్చింది. లలిత ఇంకో రెండుసార్లు చేసింది. ఇంట్లో అప్పుడే చెప్పొద్దంది. రెండో రోజుది చూడాలి అంది. రైల్వే ఫారం బల్ల మీద అలాగే ఉంది, మామ్మ గారు దాని మీద కళ్ళజోడు పెట్టుకుంటున్నారు.

శనివారం, సేఠ్ ఆఫీసు

రెండు రోజుల తవుడు పరీక్ష మిల్లులోనే, అందరి ముందూ చేస్తానంది. నేను వద్దన్నాను. ఏదైనా తేడా వస్తే కప్పిపుచ్చుకోవడానికి చోటుండదని నా భయం. వినలేదు. స్టౌ, గాజు గొట్టం, సీసాలు అన్నీ అట్టపెట్టెలో సర్దుకుని బస్సెక్కింది. సూర్యనారాయణ కట్నీ నుంచి పొద్దున్నే దిగి, స్నానం చేసి, నిద్ర మానేసి మాతో వచ్చాడు. ఎందుకొచ్చాడో చెప్పలేదు. దారంతా ఫారం మడతపెట్టి చొక్కా జేబులో ఉంది, నాకు కనబడుతూనే ఉంది.

గైడు వచ్చాడు. సేఠ్ బల్ల ఖాళీ చేయించాడు. బుధారూ గుమ్మం దగ్గర నిలబడ్డాడు, లోపలికి రమ్మన్నా రాడు. ముందు వేయించని తవుడు. చుక్కలు పడుతున్నాయి, రంగు మెరిసి మాయమవుతోంది, మళ్ళీ మెరిసి మాయమవుతోంది. గొట్టం చాలావరకు ఖాళీ అయ్యాక గాని నిలవలేదు. సేఠ్ తల ఆడించాడు, ఆ సంగతి ఆయనకి జేబు ద్వారా ఏనాడో తెలుసు.

తరువాత వేయించిన తవుడు. చుక్క. చుక్క. ఇంకొన్ని. గొట్టంలో మట్టం ఇంకా పైనే ఉండగా సీసాలో లేత గులాబీ వచ్చింది. లలిత సీసాని తిప్పింది. పోలేదు. అది పోతుందేమోనని అందరూ చూస్తున్నారు. పోలేదు.

సేఠ్ సీసా దగ్గరికి వంగి చూసి, నూనె రంగు కొంచెం ముదిరింది, కొనేవాళ్ళు బేరమాడతారు అన్నాడు. వ్యాపారి కదా. లలిత తడుముకోకుండా, వేడి పది డిగ్రీలు తగ్గించి సమయం పెంచి చూడాలి, అందుకు ఇంకో నెల పడుతుంది అంది. గైడు నోట్సులో ఏదో రాసుకుని, ప్రాజెక్టు ఇదే ఉంచు అన్నాడు. సేఠ్ యంత్రం ఎక్కడ పెట్టాలో చూద్దాం రండని అందరినీ లేపాడు. బయట టీ, జిలేబీ తెప్పించాడు.

అందరం లేచాం. లలిత లేవలేదు. వేయించిన తవుడుకి ఇంకో నమూనా తీసి స్టౌ మీద పెట్టింది. ఒకసారి వచ్చింది చాలదు, మూడుసార్లు రావాలి అంది తనలో తనే అనుకుంటున్నట్టు. జిలేబీ చల్లారిపోతోంది, గైడుకి బస్సు వేళవుతోంది, సేఠ్ గుమ్మంలోంచి రెండోసారి పిలిచాడు.

సూర్యనారాయణ వచ్చి బల్లకీ గుమ్మానికీ మధ్య నిలబడ్డాడు. జేబులో చెయ్యి పెట్టి రైల్వే ఫారం బయటికి తీశాడు, మడత సగం విప్పి, మంటకి గాలి కొడుతున్న వైపు స్టౌకి చాటుగా నిలబెట్టాడు. తరువాత సేఠ్ వైపు తిరిగి, రైలు మనుషులు మాత్రమే అనగల గొంతుతో అన్నాడు.

"అమ్మాయి డ్యూటీలో ఉందండి. మనం ఆగాల."